గుర్రం కాళ్ళు పట్టుకున్న బేరగాడు

విజయనగరం కాంప్లెక్సులో భీమిలి బస్సు ఉదయం ఐదున్నరకి. నేను ఐదింటికే ఎక్కి డ్రైవరు వెనక కిటికీ సీటు పట్టేశాను. టిక్కెట్టు మీద బేరం కుదరని చోట సీటైనా మంచిది చూసుకోవాలని మా నాన్న చెప్పేవాడు. మాది మూడు తరాల పప్పుల కొట్టు. నా హయాంలో పక్కనే పెళ్ళి సామాను అద్దెకిచ్చే కొట్టు కూడా తెరిచాను. షామియానాలు, లైట్లు, సింహాసనాల్లాంటి కుర్చీలు అన్నీ ఉన్నాయి. లేనిదల్లా గుర్రం. ఈమధ్య మా ఊరి పెళ్ళికొడుకులకు ఊరేగింపులో కారు ఆనడం లేదు, తెల్లగుర్రమే కావాలంటున్నారు. అద్దెకు తెచ్చి అద్దెకిస్తే చివరికి మిగిలేది లద్దె. అందుకని ఒకటి కొనేద్దామని బయల్దేరాను.

పక్కన ఖాళీ గంపతో చేపల కోసం భీమిలి వెళ్తున్న ఆవిడ కూర్చుంది. సంగతి విని, "గుర్రం ఎందుకు బాబూ, మా ఆయన్ని తోలుకుపోండి. తిండి దానంతే తింతాడు, పని దానికన్నా తక్కువే సేత్తాడు" అంది. ఆయనకి తెల్లరంగు వేయించే ఖర్చు ఎవరు పెట్టుకుంటారని అడిగాను. పద్మనాభం దాటేదాకా నవ్వుతూనే ఉంది.

భీమిలిలో నేను వెతుక్కుంటూ వెళ్ళింది దఫేదార్ అప్పలనాయుడు గారి కోసం. సైన్యంలో గుర్రాల దళంలో చేసి వచ్చి, సముద్రం ఒడ్డున మూడు గుర్రాలు పెంచుతున్నాడు. ఆయన కూతురు పైడి కూడా మంచి స్వారీ చేస్తుంది. విశాఖ అవతల ఉక్కునగరంలో కొందరు తల్లిదండ్రులు కలిసి పిల్లలకి స్వారీ క్లాసు పెట్టాలనుకుంటున్నారు. పైడి పంతులమ్మ, గుర్రాలు ఈ మూడూ. కాకపోతే ముందు మూడింటినీ అక్కడికి నడిపించుకెళ్తే, పశువుల డాక్టరు గారు చూసి బాగున్నాయనాలి. ఒక్కటి కుంటినా క్లాసు లేదు. క్లాసు లేకపోతే మూడింటినీ మేపడం నాయుడు గారి వల్ల కాదు, ముత్యం అనే తెల్లగుర్రాన్ని నాకు అమ్ముతాడు. ఫోనులో ఆ మాట తీసుకున్నాను. ఉక్కునగరం దాకా ముత్యం మీదే ఉచితంగా స్వారీ కూడా ఒప్పించాను. అంటే ఈ ప్రయాణంలో గుర్రం కుంటాలని కోరుకుంటున్న మనిషిని నేనొక్కణ్ణే. ఆ సంగతి అందరికీ తెలుసు. అయినా నాకు గ్లాసుడు మంచినీళ్ళిచ్చారు.

ఇచ్చింది మాత్రం అంతే. ఏడు దాటింది, ఉలవలు ఉడికిన వాసనకి కడుపు కరకరలాడుతోంది. టిఫిను సంగతేమిటని అడిగాను.

"మనిసి కడుపు తరవాత, సావుకారూ. ముందు ఆటికి నీల్లు, ఆ పైన గడ్డి, ఆకర్న దాణా. అన్నీ అయినాకే మనం" అన్నాడు నాయుడు గారు. ఎడారిలో దళంతో తిరిగినప్పుడు నీళ్ళ బండి ఆలస్యమైతే, వచ్చిన మొదటి బకెట్టు గుర్రానికే పెట్టేవారట. గుడ్డి గుర్రానికైనా దాణా తక్కువ కాకూడదని మన సామెత. ఈయన గుర్రాలకి కళ్ళు కూడా ఉన్నాయి మరి. నా ఇడ్లీ ఎనిమిదింటికి వచ్చింది.

స్టూలు మీద నుంచి ఒకసారి, పైడి భుజం మీద నుంచి ఒకసారి ప్రయత్నించి మొత్తానికి ముత్యం ఎక్కాను. ముందు పైడి, వెనక నాయుడు గారు, మధ్యలో బస్తాలాగా నేను. గడ్డి, దాణా, బకెట్లు సూరి తన సామాను ఆటోలో వెనకాల తెస్తున్నాడు. సూరి సముద్రం మీద చేపల వేటకెళ్ళే మనిషి, వేట లేని రోజుల్లో ఆటో. ఎడమ పక్క సముద్రం, కుడి పక్క ఎర్రమట్టి దిబ్బలు. మహారాజులా ఉంది నా పరిస్థితి. మంగమారిపేట దగ్గర వెనకనుంచి నాయుడు గారి ఈల వినపడింది. ఇద్దరూ దిగిపోయారు.

దిగమన్నారు. నేను దిగలేదు. ఎక్కి రమ్మన్నారు గానీ మధ్యలో దిగడమన్నది మన బేరంలో లేదని గుర్తుచేశాను.

"బేరం మీతో ఆడేను గానీ గుర్రంతో ఆడలేదు" అన్నాడాయన.

"బావా, సావుకారుని దాణా బస్తాల పక్కన పడీమంటావేటి?" అని ఆటోలోంచి సూరి.

దిగాను. గంటకోసారి దిగి, కళ్ళెం పట్టుకుని నడవాలట, గుర్రం వీపుకి గాలి ఆడడానికి. నా తర్వాత ఈ దారిన వెళ్ళేవాళ్ళకి చెబుతున్నాను: గుర్రం మీద వెళ్తున్నాం కదా అని మంచి చెప్పులు ఇంట్లో వదిలి వెళ్ళకండి.

సాయంత్రం రుషికొండ దాటాక సరుగుడు తోటలో మకాం. అక్కడ అసలు పని మొదలైంది. జీను తీసి వీపు చూడాలి. కాళ్ళు పైనుంచి కిందికి తడిమి ఎక్కడైనా వేడి ఉందేమో చూడాలి. నాలుగు డెక్కలూ ఎత్తి కొక్కెంతో మట్టి గీకాలి. ఎవరు ఎక్కిన గుర్రాన్ని వాళ్ళే చూసుకోవాలి, ఇంకొకరు ముట్టుకోరు. అది వాళ్ళ దళం పద్ధతి. ముత్యం కాలు ఎంత లాగినా నేల వదల్లేదు.

"లాగకండి అంకుల్. భుజం ఆనించి, మడం పైన మెత్తగా నొక్కండి. ధర తగ్గించమని బతిమాల్తారు గదా, అలాగ" అంది పైడి.

బతిమాలడం నాకు వచ్చిన విద్యే. కాలు లేచింది. రాత్రి వాళ్ళకి సూరి వండిన చేపల పులుసు, నాకు పెరుగన్నం, ఆవకాయ. పైడి మాత్రం సరిగ్గా తినలేదు. కంచం పట్టుకుని గుర్రాల వైపే చూస్తూ కూర్చుంది.

మర్నాడు తెల్లవారకముందే బయల్దేరి, జనం నడకకి వచ్చే వేళకి బీచ్ రోడ్డు మీదున్నాం. ఒకాయన మనవణ్ణి చూపించి రౌండుకెంతని నన్నడిగాడు. ధర నాలిక చివరిదాకా వచ్చింది. వెనక నాయుడు గారు దగ్గారు.

పోర్టు రోడ్డులో లారీల హోరు, నల్లటి దుమ్ము. రోడ్డంతా కంకర చెదిరి ఉంది. ముత్యం నడకలో తేడా వస్తుందేమోనని నేను ఒక కన్ను వేసే ఉంచాను, వ్యాపారం వ్యాపారమే కదా. ఏ తేడా కనబడలేదు. గాజువాక దాటాక మళ్ళీ ఈల. జీను, వీపు, కాళ్ళు, డెక్కలు.

మూడో డెక్కలో, మెత్తటి భాగం పక్కనుండే గాడిలో, కొక్కేనికి ఏమీ తగల్లేదు. ఎందుకో వేలు పెట్టి రాశాను. చిన్నప్పుడు స్కూలు నుంచి రాగానే చేటలో కందిపప్పు పోసి నా ముందు పెట్టేవారు. ఆ వేళ్ళు ఇప్పటికీ చూడకుండానే రాయి పట్టేస్తాయి. మట్టి కింద, గాడి లోపల, ఒక పలుకు.

"రాయుంది" అని అరిచాను.

నోరు మూసుకుంటే గుర్రం నాదయ్యేదన్న ఆలోచన కూడా వచ్చింది. కాకపోతే మాట నోరు దాటాక వచ్చింది.

పైడి మొహం తెల్లబోయింది. నాయుడు గారు పద్ధతి పక్కనపెట్టి తనే కాలు పట్టుకుని, కొక్కెం మొనతో నెమ్మదిగా రాయి తీశాడు. చేత్తో డెక్కంతా తడిమాడు. "వేడి లేదు. ఇంకొక గంట నడిసుంటే రాయి లోనికి దిగిపోయీది" అన్నాడు. బకెట్టు నీళ్ళలో కాలు ఉంచారు. అక్కణ్ణించి దాని మీద ఎవరూ ఎక్కకూడదన్నారు. కళ్ళెం పట్టుకుని ఉక్కునగరం దాకా నేనే నడిపించాను. ఎవరు ఎక్కిన గుర్రం వాళ్ళదే కదా.

మైదానంలో డాక్టరమ్మ మూడింటినీ నడిపించింది, తర్వాత దౌడు తీయించింది. ముత్యం వంతు వచ్చినప్పుడు పైడి పక్కనే పరిగెత్తింది. నేను రాయి దొరికిన ఆ వెనక ఎడమకాలు ఒక్కటే చూస్తున్నాను. కుంటుతుందేమోనని కాదు, కుంటకూడదని. ఎప్పుడు పార్టీ మారానో నాకే తెలియదు.

డాక్టరమ్మ మూడూ బాగున్నాయంది. పైడి ముత్యం మెడలో మొహం దాచుకుంది. నాయుడు గారు కళ్ళు తుడుచుకుంటూనే, "సూరీ, నీల్లు" అన్నాడు. ముందు నీళ్ళు. తర్వాతే సంతోషం.

"సొంత బేరం సొంత నోటితో సెడగొట్టుకున్న సావుకారిని ఇప్పుడే సూత్తన్నాను" అని సూరి ఆటోలో నన్ను దువ్వాడ స్టేషనులో దింపాడు. దారి బత్తెం కింద నాయుడు గారు కట్టించిన ఉలవ గుగ్గిళ్ళ పొట్లం ఒళ్ళో ఉంది.

విజయనగరం వైపు ప్యాసింజరు రద్దీగానే వచ్చింది. పార్వతీపురం వెళ్తున్న పెద్దాయన జరిగి, కిటికీ పక్కన చోటిచ్చాడు. ఊరికే వచ్చిన సీటుని జీవితంలో ఎన్నడూ వదల్లేదు నేను. కూర్చున్నాను, వెంటనే లేచాను. రెండు రోజుల జీను చెప్పుకోలేని చోట తన లెక్క రాసుకుంది. పొట్లం విప్పి ముందు ఆయనకి పెట్టి, నిలబడే గుగ్గిళ్ళు తిన్నాను. వెళ్ళిన పనేమిటని అడిగితే మొత్తం చెప్పాను.

కొత్తవలసలో బండి ఆగినప్పుడు ఆయన, "అయితే బేరం నడవలేదన్నమాట" అన్నాడు.

"బేరం నడవలేదండీ" అన్నాను. "గుర్రం నడిచింది."