దొర బూజు

మా హెడ్విగ్ వదినకి తొందరపడటం చేతకాదు. నాకు ఆగటం చేతకాదు. ఒకే వీధిలో నాలుగు గడపల ఎడంలో ఇన్నేళ్లుగా ఉంటూ మేమిద్దరం ఒకరి జుట్టు ఒకరం పట్టుకోలేదంటే అదంతా మా అలోయిస్ అన్నయ్య మంచితనం. నేను ఈ ఊళ్లో ఉత్తరాలు పంచి రిటైరైనదాన్ని. మంచు పడినా, మోజెల్ నది పొంగి వీధిలోకి వచ్చినా, ఉత్తరం పొద్దున్నే గడపలో ఉండాల్సిందే. వదినది ద్రాక్ష బతుకు. అందులో పొద్దున్నే అనే మాట లేదు. ఎప్పుడు పండితే అప్పుడే.

ఆమె పుట్టింది పైన మిట్ట మీద, బంగాళాదుంపలు పండే ఊళ్లో. మా ఇంటి కోడలిగా వచ్చినప్పుడు, నిచ్చెన నిలబెట్టినట్టుండే మా కొండతోటల్లో ఈ పిల్ల ఒక్క కోతకాలం కూడా నిలవదని అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను. ఆ మరుసటి ఏడే మా నాన్న పలకరాళ్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుని మంచాన పడ్డాడు. అన్నయ్య పట్నంలో వేరే పనిలో ఉన్నాడు. తోట కొత్తకోడలి చేతికి వచ్చింది. ఊరంతా కోతలు ముగించి పీపాలు నింపుకున్నా ఈవిడ కత్తెర బయటికి తీయలేదు. మంచం మీంచి నాన్న పెట్టిన కేకలు చర్చి దాకా వినిపించేవి. వదిన ఆయనకి సూపు తాగించి, మూతి తుడిచి, ఇంకా కాలేదు మామయ్యా అని చెప్పి తన పనికి వెళ్లిపోయేది.

మా దగ్గర శరత్కాలంలో పొద్దున నది మీంచి పొగమంచు లేస్తుంది, మధ్యాహ్నం ఎండ కాస్తుంది. రెండూ సరిగ్గా కుదిరితే ద్రాక్షల మీద బూడిద రంగు బూజు పట్టి, పళ్లు వడిలి, లోపలి రసం చిక్కబడుతుంది. బయటివాళ్లు చూస్తే ముక్కు మూసుకుంటారు. మావాళ్లు దాన్ని దొర బూజు అని ముద్దుగా పిలుచుకుంటారు. ఆ ఏడు నవంబరు ఒకటిన వచ్చే సకల పునీతుల పండుగ కూడా దాటిపోయాక వదిన ఆ బూజు పళ్లు కోసింది. వాటితో వచ్చిన ద్రాక్షసారాయాన్ని నాన్న మంచం మీదే చప్పరించాడు. తరవాత దిండు కింద నుంచి నేలమాళిగ తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టాడు.

అప్పటి నుంచి ఊళ్లో ఆమె పేరు చివరిబుట్ట హెడ్విగ్. వెక్కిరింపుగా పెట్టినదే గానీ, ఏడాది తరవాత ఏడాది ఆమె ఆగి గెలుస్తుంటే అది బిరుదైపోయింది. ఆమె కూడా దాన్ని బిరుదులాగే మోసింది.

అన్నయ్యకి నరాల జబ్బు వచ్చి ముందు చేతికర్ర పట్టి, తరవాత చక్రాల కుర్చీ ఎక్కాక తోటలు కౌలుకిచ్చేశారు. ఆ జబ్బులో కాళ్లకి బలం పోవటంతో సరిపోదు. ఉన్నట్టుండి బిగుసుకుపోతాయి, దుప్పటి కింద ఎగిరెగిరి పడతాయి. వదిన మంచం అంచున కూర్చుని రెండు చేతులతో ఆ మోకాళ్లని అదిమి పట్టుకునేది. మాత్రలు వేస్తే కాళ్లతోపాటు మనిషి కూడా మొద్దుబారిపోయేవాడు. చివరికి డాక్టరు, గంజాయి కొందరికి పనిచేస్తుంది, చూద్దామని రాసిచ్చాడు. మందుల షాపు నుంచి సీసాలో వచ్చింది. రెండు సాయంత్రాలు తీసుకున్నాడు, కాళ్లు సద్దుమణిగాయి. మూడోనాడు మూత తీసి వాసన చూసి, ఇది ఎవరి తోటదని అడిగాడు. ఎక్కడో సముద్రం అవతలదట. ఎవరి చేతిదో తెలియనిది నేను మింగను అని మూత బిగించేశాడు. జన్మలో పక్కవాడి సారాయం మెచ్చుకోని మనిషి. మొండితనం మా ఇంటి ఆస్తి, అందులో నా వాటా కూడా ఉందిలెండి.

ఇంట్లో మూడు గంజాయి మొక్కల దాకా పెంచుకోవచ్చని చట్టం వచ్చింది సరిగ్గా ఆ వసంతంలోనే. వదిన వెళ్లి విత్తనాలు తెచ్చింది. వెనక దొడ్లో, రోజంతా ఎండ పీల్చుకునే పలకరాతి గోడవారన మూడు మొక్కలు పెట్టింది. దడి కట్టి తాళం వేసింది. ఎరువు, నీళ్లు, కొమ్మలకి ఊతాలు, అన్నీ ద్రాక్షకి చేసినట్టే చేసింది. సెప్టెంబరు చివరికి అవి నా తలని మించిపోయాయి. కొసల్లో మొక్కజొన్న పొత్తంత పూగుత్తులు. దొడ్డి తలుపు తీస్తే ఆ వాసన వీధిలోకి వచ్చేది, ఫాదరు గారు కూడా వదిన గడప దగ్గర నడక నెమ్మది చేసేవారు.

అక్టోబరు పొగమంచులు మొదలయ్యాయి. ఓ పొద్దున వదిన నన్ను కేకేసి, పెద్ద గుత్తి మీద సన్నటి బూడిద రంగు నూగు చూపించింది. ఆమె మొహం వెలిగిపోతోంది.

“వచ్చిందే రోస్విటా. ఇక మనం తొందరపడకూడదు.”

నాకేం తెలుసు? ఆ బూజు గురించి ఆమెకి ఎదురుచెప్పినవాళ్లు మా ఊళ్లో ఎవరూ లేరు. ఆమె ఆగింది. ఓరోజు నేను కొసన ఉన్న ఆకు పట్టుకుంటే మొత్తం గుత్తి నా చేతిలోకి ఊడివచ్చింది. లోపలంతా గోధుమరంగు పొడి. మూడు మొక్కలూ అంతే. బూజు పట్టింది ఏ రూపంలోనూ ఒంట్లోకి పోకూడదని, ఊపిరితిత్తులకి చేటని మందుల షాపాయన గట్టిగా చెప్పాడు. బూజు అదే, ఊరూ అదే, పొగమంచూ అదే. ద్రాక్షలో రాజ్యం ఏలేది ఇక్కడ ఇల్లు కూల్చింది. వదిన మొత్తం గోనెసంచుల్లో కూరి తనే ఈడ్చుకుంటూ బయట పడేసి వచ్చింది. చేతులు కడుక్కుని, వచ్చే ఏడు మళ్లీ పెడతానంది. అంతే, ఇంకో మాట లేదు.

ఆ చలికాలం గురించి ఎక్కువ చెప్పబుద్ధి కాదు. అన్నయ్య బుగ్గలు లోపలికి పోయాయి. మళ్లీ ఆ సీసా తెప్పిద్దామంటే తల అడ్డంగా ఊపాడు. హెడ్విగ్ పండిస్తుందిగా అన్నాడు. అది మొండితనం కాదని నాకు తెలుసు. సీసా తెప్పిస్తే పెళ్లాం ఓడిపోయిందని ఒప్పుకున్నట్టవుతుందని ఆయన బాధ. ఒక్కసారైనా నెపం ఆమె మీద వెయ్యలేదు. వేసి ఉంటే ఆమెకి తేలికగా ఉండేదేమో.

రెండో ఏడు వదినని చూడాల్సింది. గాలి ఆడాలని లోపలి ఆకులు గిల్లేసింది. పైన రేకు కప్పు వేయించింది. పొద్దున్నే లేచి ఒక్కో కొమ్మనీ మెల్లగా దులిపి మంచునీళ్లు రాల్చేది. కానీ కోత ఎప్పుడన్నది ఎలా తెలియాలి? ద్రాక్షైతే నోట్లో వేసుకుంటే గింజ చెబుతుంది, తీపి చెబుతుంది. ఇక్కడ నాలిక పనికిరాదు. పూల తెల్లటి వెంట్రుకలు ఎర్రబడి ముడుచుకోవాలి. అది సగం గుర్తే. అసలు గుర్తు గుత్తి మీద మంచుపొడిలా ఉండే జిగురు బొట్లు. భూతద్దంలో చూస్తే అవి ముందు గాజులా ఉంటాయి, తరవాత పాలరంగుకి తిరుగుతాయి, ఆఖరికి తేనెరంగు. పాలరంగు నిండి, అక్కడక్కడ తేనె కనబడినప్పుడు కోయాలి.

ఇక్కడొచ్చింది చిక్కు. వదిన కళ్లలో శుక్లాలు. ఆపరేషను చేయించుకోమంటే కోత అయ్యాకే అని డాక్టరుతో ఖరాఖండిగా చెప్పి వచ్చింది. కాబట్టి భూతద్దం పట్టుకోవటం నా ఉద్యోగమైంది. రోజూ కాఫీ ముందు దొడ్లోకి వెళ్లటం, వంగటం, చూడటం, చెప్పటం. గాజు. గాజు. ఎక్కువ గాజు, కాస్త పాలు. ఆమె చేతులు వెనక్కి కట్టుకుని బడిపంతులులా నిలబడి వినేది.

అక్టోబరులో ఓ ఆదివారం. చర్చిలో పూజ నుంచి వచ్చేసరికి రేడియోలో చెప్పారు, సాయంత్రం నుంచి వారమంతా ముసురని. అన్నయ్య దొడ్లో గోడవారన ఎండకి కుర్చీలో ఉన్నాడు. మోకాళ్ల మీద దుప్పటి, దాని కింద కాళ్లు వాటి పని అవి చేస్తున్నాయి. నేను వంగి భూతద్దం పెట్టాను. సగం పాలు, సగం గాజు. తేనె చుక్క కూడా లేదు. తలెత్తితే అన్నయ్య దుప్పటి కనబడింది. నా నోరు దానంతటదే కదిలింది.

“తేనె, వదినా. చాలామటుకు తేనే.”

వదిన నా వైపు తిరిగింది.

“నిన్న గాజన్నావు. రాత్రికి రాత్రే తేనైపోయిందా? ఈ ఊరి గుట్లన్నీ సంచిలో మోసినదానివి, ఒక్క అబద్ధం సరిగ్గా ఆడటం రాదే నీకు?”

“వానొస్తోంది వదినా. మళ్లీ పోతాయి.”

“పోవు. ఈసారి కప్పుంది. ఇంకో పదిరోజులు.”

నాకు ఒళ్లు మండింది. ఆమె పేరూ ఆమె బిరుదూ మోజెల్లో కలవనీ అనుకున్నాను. ఆమె నన్ను పట్టించుకోకుండా అన్నిటికన్నా లావుపాటి గుత్తిని రెండు గోళ్లతో విడదీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. చటుక్కున ఆగింది. మళ్లీ వాసన చూసింది. కళ్లకి కనబడనిది ముక్కుకి తెలిసిపోయింది. తడి నేలమాళిగ వాసన, బూజు వాసన. జీవితమంతా ఆ వాసన కోసం ఎదురుచూసిన మనిషి. నేను వెళ్లి చూశాను, గుత్తి నడిమధ్య చిటికెన గోరంత గోధుమరంగు మచ్చ.

“ఒక్కటే,” అంది. గొంతులో జోరు తగ్గింది. “దీన్ని తీసేస్తే మిగతావి ఆగుతాయి. పచ్చిగా కోస్తే ఏం లాభం? ఏడాది కష్టం, సగం కూడా పనిచెయ్యదు.”

ఆ మాట ఆమె నాతో అనలేదు, గోడవైపు చూస్తూ అంది. గోడవారన అన్నయ్య ఉన్నాడు.

“హెడ్విగ్,” అన్నాడు. “పండేదాకా ఆగటం నీకొచ్చు. నీ అంత బాగా ఎవరికీ రాదు.” కాలు ఎగిరింది, దుప్పటి జారింది, ఆయన అది పైకి లాక్కున్నాడు. “నాకే, ఇంక ఆగటం రావట్లేదే.”

కిందటి చలికాలమంతా ఆయన నోట ఇలాంటి మాట రాలేదు. వదిన జారిన దుప్పటి అంచుని ఆయన కాళ్ల కింద దోపింది. నడుముకున్న ఏప్రన్ ముడి విప్పి మళ్లీ గట్టిగా కట్టుకుంది. కోతకాలంలో కొండెక్కేముందు ఆమె అలా చేయటం నేను వందసార్లు చూశాను.

“బుట్టలు తే, రోస్విటా. కత్తెర మేకుకి ఉంటుంది. నీ కళ్లజోడు కూడా తెచ్చుకో.”

మూడు మొక్కలూ కోసేశాం. అది కోత అనటం తక్కువ, యుద్ధం అనాలి. ఆమె కొమ్మ కోస్తుంది, వాసన చూస్తుంది, నాకిస్తుంది. నేను గుత్తి విప్పి వెతుకుతాను. మచ్చ కనబడితే బకెట్‌లోకి, లేకపోతే బుట్టలోకి. అనుమానం ఉన్నవాటి దగ్గర ఆమె నాతో పోట్లాడలేదు, బకెట్ వైపు వేలు చూపించింది అంతే. మధ్యాహ్నం భోజనం అన్నయ్యకి మాత్రమే పెట్టింది, ఆలుగడ్డల సూపూ రొట్టె. మేం నిలబడే చెరో ముక్క కొరుక్కున్నాం. ఆయన మా ఇద్దరినీ చూస్తూ, కూలి ఇవ్వనుగానీ మీ ఇద్దరికీ పని బాగా వచ్చునని సర్టిఫికెట్ ఇచ్చాడు. ఆఖరి బుట్ట లోపల పెడుతుంటే కప్పు రేకు మీద చినుకులు మొదలయ్యాయి. ముసురు వారం కాదు, పదిరోజులు పట్టింది.

పాత పీపాల గదిలో తీగలు కట్టి కొమ్మల్ని తలకిందులుగా వేలాడదీశాం. కిటికీ సందు ఎంత తెరవాలి, ఫ్యాన్ ఎటు తిప్పాలి, అన్నీ ఆమే చూసుకుంది. పుల్ల వంచితే వంగకుండా పుటుక్కుమని విరిగేదాకా రోజుకి ఎన్నిసార్లు వెళ్లేదో లెక్కలేదు. ఒక్క కొమ్మ కూడా చెడలేదు. కానీ వాసన చూసినప్పుడల్లా ఆమె మొహం ముడుచుకునేది. కోసిన గడ్డి వాసన, అంతకు మించి ఏమీ లేదు అనేది. పండని ద్రాక్ష పిండి అతిథికి పోసినంత సిగ్గుపడింది.

మొదటిసారి ఇచ్చింది ఓ సాయంకాలం. డాక్టరు చెప్పినంతే, వెన్నలో కాచి, ఎండు బిస్కెట్ మీద రాసి పెట్టింది. అన్నయ్య నమిలి, పెదాలు చప్పరించి, చేదుగా ఉంది, మన దొడ్డిదే అన్నాడు. తరవాత ఏమీ జరగలేదు. గంట గడిచింది, కాళ్లు ఎగురుతూనే ఉన్నాయి. వదిన కుర్చీ పక్కన పీట వేసుకుని, చలికాలమంతా చేసినట్టే రెండు చేతులూ ఆయన మోకాళ్ల మీద అదిమి కూర్చుంది. నేను అంట్లు తోముతూ ఉండిపోయాను. పండనివ్వాల్సిందని ఆమె మనసులో అనుకుంటోందని నాకు తెలుసు. కోయించింది నేనూ అన్నయ్యానూ. పనిచెయ్యకపోతే ఆమె మమ్మల్ని ఏమీ అనదు, అదే నాకు ఎక్కువ భయం.

అంట్లు అయ్యాక వెనక్కి తిరిగి చూస్తే అన్నయ్య తల ఓ పక్కకి వాలిపోయింది. నోరు కొద్దిగా తెరుచుకుని, చిన్నప్పుడు నా పక్క మంచంలో పెట్టిన గురకే పెడుతున్నాడు. వదిన చేతులు ఇంకా అలాగే ఉన్నాయి.

“ఇంక వదిలెయ్ వదినా, చేతులు పడిపోతాయి.”

“అదమట్లేదే,” అంది నెమ్మదిగా. “ఇందాకట్నుంచీ ఊరికే పెట్టి ఉంచానంతే. కింద ఏమీ కదలట్లేదు.”

అలా అంటూ ఏడ్చేసింది. నాన్న తాళంచెవి ఇచ్చిన రోజున కూడా ఈ మనిషి కంట్లో నీళ్లు చూడలేదు నేను. పక్కన పీట లేక నేల మీదే కూర్చుని ఆమె భుజం పట్టుకున్నాను.

“పచ్చిదే పనిచేసింది రోస్విటా,” అంది ముక్కు చీదుకుంటూ. “ఇంకా ముందే కోయాల్సింది.”