గంట కొట్టే వేళ

ఆ టీచరమ్మ ఎవరితో మాట్లాడుతున్నా కళ్లు మాత్రం రోడ్డు మీదే ఉండేవి. తిరుత్తణి నుంచి చిత్తూరు పోయే దారిలో, మా ఊళ్లో, ఒక పక్క ఆమె బడి. ఎదురుగా నా టైలరు కొట్టు. ఎనభైల్లో కంకర లారీలు రోజురోజుకూ ఎక్కువయ్యాయి.

నడిచేవాళ్ల కోసం బాట వేయాలని పంచాయతీ మీటింగు పెట్టింది.

"దుడ్డు ఒక పక్కకే వచ్చిండాదమ్మా. అంగళ్లుండే పక్క ఏస్తాం," అన్నాడు ప్రెసిడెంటు.

"అట్లయితే పిల్లోళ్లు బడి కాడ రోడ్డు దాటాల గదయ్యా?" అందామె.

"ఇంకో పక్క వచ్చే ఏడు చూస్తాంలే."

మా అంగళ్ల ముందు నున్నటి రాళ్లు పరిచారు. మొదటి సాయంత్రమే, గంట కొట్టగానే పిల్లలు వాటి మీద నడవాలని రోడ్డుకు అడ్డంగా పరుగెత్తారు. ఆమె చేతులు చాచి లారీకి ఎదురు నిలబడింది. లారీ ఆమె కొంగును తాకేంత దగ్గరగా ఆగింది.

"ఏమీ కాలేదు గదమ్మా," అన్నాడు సంగతి తెలిసి వచ్చిన ప్రెసిడెంటు.

"ఈ పొద్దు కాలేదయ్యా."

ఆ తర్వాత రోజూ ఆమె అట్లాగే నిలబడేది. మరుసటి ఏడు వచ్చిన డబ్బుతో బస్టాండుకు దీపాలు పెట్టారు. ఆమెకు ఆర్.కె.పేటకు బదిలీ అయింది.

వెళ్లే రోజు నా కొట్టుకు వచ్చింది.

"అన్నా, నాలుగింటికి గంట కొడతారు. రవ్వంత సేపు బయటికొచ్చి నిలబడతావా?"

"నిలబడతా. నువ్వు పోయిరామ్మా."

ఆ సాయంత్రం ఎవరికో చొక్కా కొలతలు తీస్తుండగా గంట మోగింది. మలుపులో హారను వినబడింది. టేపు వదిలేసి పరుగెత్తి, పిల్లల ముందు చేతులు చాచాను. లారీ ఆగింది. కొట్టులోకి తిరిగొచ్చి టేపు అందుకుంటుంటే తట్టింది, రేపు కూడా గంట కొడతారని.