చేతుల మీది చుక్క

ఫొటోలక్కకు పట్టుదల ఎక్కువ. ఎక్కువంటే మామూలు ఎక్కువ కాదు, పక్కవాళ్ళ తల ప్రాణం తోకకు వచ్చేంత. ఆ వీధిలో పెళ్ళయినా, పుట్టినరోజయినా, బడిలో బహుమతుల సభ అయినా మెడలో బరువైన కెమెరాతో ఆవిడ ప్రత్యక్షం కావలసిందే. మసక వెలుతురు హాల్లో కూడా మనుషుల కళ్ళు తళతళలాడేలా తీస్తుందని పేరు. ఆ పేరు ఊరికే రాలేదు మరి.

ఆ కెమెరా సంగతి కాస్త చెప్పాలి. లోపలికి చూస్తే తెరంతా సన్నటి చుక్కలుంటాయి. ఏ చుక్కను ఎంచుకుంటే అక్కడ బొమ్మ స్పష్టంగా పడుతుంది, ముందూ వెనకా ఉన్నది మసకబారుతుంది. ఇప్పటి కెమెరాలకు తెలివి ముదిరింది. మనిషి కనబడితే చాలు, చుక్క తనంతట తానే పరుగెత్తుకెళ్ళి కంటి మీద కూర్చుంటుంది. ఫొటోలక్కకు అది భలే నచ్చింది. తన పని సగం తగ్గిందని మురిసిపోయింది కూడా.

ఆవిడకు ఒక్కగానొక్క తమ్ముడు. పుట్టుకతోనే వినపడదు, మాటంతా చేతులతోనే. బజారులో ఫోన్లు బాగుచేసే కొట్టు నడుపుతాడు. స్పీకరు పలుకుతోందో లేదో వేలికొసలు ఆనించి ఇట్టే చెప్పేస్తాడు. అదే వరసలో కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసే అమ్మాయితో పెళ్ళి కుదిరింది. ఆ పిల్లకూ వినపడదు. ఇంట్లో సంబరం అంతా ఇంతా కాదు.

ఫొటోలక్క ఏ లెన్సులు తేవాలి, ఎక్కడ నిలబడాలి అని హడావిడి మొదలుపెట్టింది. తమ్ముడు చేతులు కదిపాడు. పక్కనే ఉన్న అమ్మ మొహం చిన్నబోయింది. ఆ ఇంట్లో వాడి చేతులు చెప్పింది అమ్మ నోరు పలకాలి, చిన్నప్పటి నుంచీ అదే అలవాటు. అక్కకు వచ్చిన సైగలల్లా "రా", "తిన్నావా", "పడుకో", అంతవరకే.

"ఫొటోలకు బయటివాళ్ళను పిలుస్తాడట. నిన్ను చుట్టంలా వచ్చి కూర్చోమంటున్నాడు" అంది అమ్మ.

ఊరందరి పెళ్ళిళ్ళూ తీసిన మనిషి, సొంత తమ్ముడి పెళ్ళికి పరాయిదయింది!

"ఏం, నేనేం తక్కువ చేశానట?" అని లేచింది.

తమ్ముడు లోపలికెళ్ళి పాత ఆల్బం తెచ్చాడు. వినపడనివాళ్ళ సంఘం సభలో వాడు మాట్లాడినప్పుడు అక్క తీసిన ఫొటోలు. ఒక్కో పేజీ తిప్పి వేలు పెట్టి చూపించాడు. కళ్ళు అద్దాల్లా ఉన్నాయి. చేతులున్న చోట పొగ.

అమ్మ వాడి చేతులు చూస్తూ చెప్పింది. "కళ్ళు చాలా బాగున్నాయట. మరి తనేం మాట్లాడాడో చెప్పమంటున్నాడు. ప్రతి ఫొటోలో... తన నోరు నొక్కేశావంటున్నాడే."

"చేతులు కదులుతూ ఉంటే నేనేం చెయ్యను? హాల్లో లైటేదీ?" అని ఫొటోలక్క విసురుగా వెళ్ళిపోయింది. స్టూడియోలో కూర్చొని ఆ ఫొటోలే మళ్ళీ చూసుకుంది. చూసేకొద్దీ సిగ్గేసింది, ఏడుపొచ్చింది. కోపం ఎటుపోయిందో తెలియదు. మర్నాడు తమ్ముడి కొట్టుకు వెళ్ళి, అమ్మను వెంటబెట్టుకొని మరీ బతిమాలింది.

"పెళ్ళిలోపు నా మాట ఒక్కటి ఫొటోలో పట్టి చూపించు. అప్పుడు చూద్దాం" అన్నాడు వాడు.

ఫొటోలక్క ముందు కెమెరాలో ఆ కంటి వెంట పడే తెలివిని ఆపేసింది. ఒక్క చుక్కనే ఉంచుకొని, బొటనవేలితో దాన్ని చేతుల మీదకు జరపడం మొదలుపెట్టింది. పిండి కలుపుతున్న అమ్మే మొదటి బలి.

"నా మొహం బాగాలేదనా చేతులు తీస్తున్నావ్?" అని అమ్మ ఎత్తిపొడిచింది. చెయ్యి అటు జరగ్గానే చుక్క ఖాళీలోంచి వెనక గోడను పట్టుకునేది. చేతులు రాలేదుగానీ గోడ మీది క్యాలెండరు మాత్రం అద్భుతంగా వచ్చింది! ఒక్క చుక్క చాలదని నాలుగైదు చుక్కలను గుంపుగా పెట్టుకుంది. అప్పుడు కాస్త దారికొచ్చింది.

ఆ ఫొటోలు కళ్ళజోళ్ళ దుకాణంలో కాబోయే మరదలికి చూపిస్తే ఆ పిల్ల పెదవి విరిచింది. కనుబొమలు ఎగరేసి, దించి, కాగితం మీద రాసి చూపించింది. మొహం కూడా మాటలో భాగమేనట. అవే చేతులు కనుబొమ లేస్తే ప్రశ్న, లేకపోతే జవాబు. చేతులేమో మొహానికి మూరెడు ముందుంటాయి, ఒకటి పడితే ఒకటి మసక! ఫొటోలక్క బుర్ర గోక్కుంది. చివరికి ఎదురుగా కాదు, కాస్త పక్కగా నిలబడింది. అక్కణ్ణించి చెయ్యీ మొహమూ కెమెరాకు సమానదూరం. ఎంత తెలివండీ ఆవిడది!

అయినా ఒక చిక్కు మిగిలింది. మాట చివర చెయ్యి కన్ను మూసి తెరిచేంతసేపు ఆగుతుంది. ఎక్కడ ఆగుతుందో ముందే తెలిస్తే తప్ప చుక్క అక్కడికి చేరదు. తెలియాలంటే వాడేం చెబుతున్నాడో అర్థం కావాలి. అంటే భాష రావాలి. ఫొటోలక్క రోజూ మధ్యాహ్నం అన్నం డబ్బా పట్టుకొని మరదలి దగ్గరికి చదువుకు వెళ్ళింది. నవ్వమని చెప్పబోయి స్నానం చెయ్యమని చెప్పింది. ఆ పిల్ల కడుపు పట్టుకొని నవ్వింది. అయినా మానిందా? మానదు.

ఒకరోజు కొట్టులో తమ్ముడు మరదలితో ఏదో అంటూ ఉండగా క్లిక్కుమనిపించి, వెంటనే చూపించింది. వేళ్ళు, కనుబొమలు, పెదవి వంపు, అన్నీ స్పష్టం. తమ్ముడు తన మాట తానే చదువుకున్నాడు. "మొండిది" అని ఉంది.

వాడు పగలబడి నవ్వాడు. పెళ్ళి ఫొటోలు అక్కకే ఖాయమయ్యాయి.

పెళ్ళి హాల్లో తమ్ముడు వేదిక మీద నిలబడి మాట్లాడాడు. ఫొటోలక్క పక్కగా నిలబడి, బొటనవేలు ఆడిస్తూ, ఒక్కో మాటనూ అది ఆగే చోట పట్టుకుంది. మరదలిని మొదట చూసిన రోజు, అత్తగారి కళ్ళజోడు, స్నేహితుల అల్లరి, ఒక్కొక్కటే ఫొటోల్లోకి ఎక్కాయి.

వారం తిరక్కుండా ఆల్బం ఇంటికి వచ్చింది. తమ్ముడు ఒక్కో పేజీ చదివి మరదలికి చూపిస్తూ మురిసిపోయాడు. చివరిదాకా వెళ్ళి, వెనక్కి తిప్పి, మళ్ళీ వెతికాడు. అక్క వైపు తిరిగి చేతులెత్తాడు.

"బడికి వెళ్ళేటప్పుడు హారన్లు నాకు వినపడవని రోడ్డు దాటేదాకా నా భుజం మీద చెయ్యి తీసేదానివి కాదని వేదిక మీద చెప్పాను కదా. ఆ ఫొటో ఏదక్కా?"

గుమ్మంలోంచి చూసిన అమ్మ అలవాటు కొద్దీ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి మధ్యలో నిలబడింది, నోరు తెరవబోయింది. ఫొటోలక్క చేతులు అప్పటికే లేచాయి. తడబడుతూ, ఒక మాట తప్పు చెప్పి దిద్దుకుంటూ జవాబిచ్చాయి.

"అది తీయలేదురా. నువ్వు మాట్లాడుతుంటే వింటూ ఉండిపోయాను."

తమ్ముడు ఆల్బం పక్కన పెట్టి అక్క భుజం మీద చెయ్యి వేశాడు. అమ్మ ఇద్దరి వంకా చూసింది. పొయ్యి మీద ఏమీ లేకపోయినా, పాలు పొంగుతున్నాయంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది.