రెండు ముక్కలతో వచ్చిన రిపోర్టు

మలం తారులా నల్లగా వచ్చిన రోజున నేను కంగారు పడలేదు. కిరందుల్ ఇనుప గనిలో నేను శాంప్లర్‌ని. ఖనిజం కుప్పల్లోంచి నమూనాలు తీసి ల్యాబ్‌కు పంపడం నా పని. ఇరవై ఏళ్లుగా మింగిన దుమ్మే బయటికి వస్తోందనుకున్నాను.

"ఏంది, దుమ్ము ఎర్రగుంటది గద? నల్లగెట్లొస్తది?" అంది నా భార్య సమ్మక్క. ఆమెది ఎర్రబోరు అనే పల్లె. గని సంగతి నీకేం తెలుసని నవ్వేశాను. ఆ తెలివితేటలతో మూడు నెలలు పోగొట్టుకున్నాను.

ఒకరోజు కుప్ప మీదే కళ్లు తిరిగి పడ్డాను. హిమోగ్లోబిన్ బాగా పడిపోయిందని విశాఖకు పంపారు. ఎండోస్కోపీ, బయాప్సీ, సీటీ స్కాన్ అయ్యాయి. కడుపులో క్యాన్సర్, లివర్ మీద మచ్చలు.

"ఆపరేషన్‌తో పోయే స్టేజ్ కాదండీ. కీమో ఇద్దాం," అన్నారు డాక్టరు గారు. "ట్యూమర్ మీద హెర్‌టూ అనే ప్రోటీన్ ఉంటే దానికి వేరే ఇంజెక్షన్ ఉంది. అది కలిస్తే ఇంకొంత ఎక్కువ కాలం ఆశించవచ్చు."

హెర్‌టూ నెగెటివ్ వచ్చింది. సమ్మక్క గోడకు ఆనుకుని ఏడ్చింది. చచ్చిపోతానని నాకూ భయం వేసింది. ఆ భయంతోనే రిపోర్టు పదిసార్లు చదివాను. పరీక్షించినవి రెండు చిన్న ముక్కలని అందులో ఉంది.

"డాక్టరు గారూ, మేం కుప్ప గ్రేడు, అంటే ఇనుము శాతం, చెప్పాలంటే పైనా, అడుగునా, నాలుగు పక్కలా తీస్తాం. ఒకే చోట తీస్తే మా ఫోర్‌మన్ ఆ సంచీ నా మొహాన కొడతాడు. మరి ఇది రెండు ముక్కలతో ఎలా తేలింది?"

సమ్మక్క నా చొక్కా లాగింది. "పెద్ద డాక్టరును అట్లడుగుతారయ్యా?"

ఆయన రిపోర్టు మళ్లీ చూశారు. "అడగాల్సిందే అడిగారు. కడుపు క్యాన్సర్‌లో ఈ ప్రోటీన్ ఒకచోట ఉండి పక్కనే లేకపోవచ్చు. ఆ రోజు రక్తం కారుతోందని ఎక్కువ తీయలేదు. మళ్లీ చేద్దాం."

ఈసారి ఎనిమిది ముక్కలు తీశారు. వాటిలో మూడింట్లో హెర్‌టూ గట్టిగానే ఉందని, త్రీ ప్లస్ అని వచ్చింది.

"ప్లస్సంటె మంచిదేనా సారూ?" అంది సమ్మక్క.

"దీనికి మందుంది. మనకు మంచిదేనమ్మా."

కీమోతో పాటు ఆ ఇంజెక్షన్ మొదలైంది. ఆ మందు కొందరికి గుండెను బలహీనం చేస్తుందట; నాలుగోసారి తర్వాత ఎకో పరీక్షలో గుండె పంపింగ్ తగ్గిందని ఇంజెక్షన్ ఆపేశారు. ఆ ఆరు వారాలు ఇంట్లో అందరి మీదా అరిచాను. సమ్మక్క జావ గ్లాసు పక్కన పెట్టి, నేను చల్లబడ్డాక మళ్లీ వేడి చేసి తెచ్చేది. గుండె కోలుకుంది. ఇంజెక్షన్ మళ్లీ ఇచ్చారు.

ఇప్పటికి రెండేళ్లు దాటింది. మచ్చలు చిన్నవయ్యాయి. పోయిందా అంటే డాక్టరు గారు "అదుపులో ఉంది" అంటారు, అంతకుమించి అనరు. ఇంజెక్షన్ కోసం మూడు వారాలకోసారి విశాఖ రైలెక్కుతాను. మిగతా రోజుల్లో ల్యాబ్‌లో కూర్చుని పని చేస్తున్నాను. అన్నం కొద్దికొద్దిగా రోజుకు ఆరుసార్లు తింటాను.

నేను చెప్పగలిగింది ఒక్కటే. నెగెటివ్ అని రాస్తే, ఎన్ని ముక్కలు చూశారో అడగండి. నా మాట విని ఆసుపత్రిలో పక్క బెడ్ పెద్దాయన కూడా అడిగారు. ఆయనకు మళ్లీ నెగెటివే వచ్చింది. అనవసరంగా ఆశ పెట్టానేమోనని తలెత్తలేకపోయాను.

ఆయనే నా చెయ్యి పట్టుకున్నారు. "అడగకుండా ఉంటే రోజూ అదే ఆలోచన గద తమ్ముడూ. ఇప్పుడు కీమో మీదనే మనసు పెడత."