అవ్వ బండి నేర్చుకున్నది

బాపుకు పక్షవాతమొచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయినప్పుడు నా కొలువు ఆసిఫాబాద్‌ల. నా సెలవులన్నీ దవాఖానలనే అయిపోయినయ్. ఇంటికి పంపేటప్పుడు డాక్టర్ ఒక్కటే చెప్పిండు: "రోజు విడిచి రోజు కరీంనగర్ తీసుకొచ్చి కసరత్తు చేయించాలె. ఆపితే కాలు గట్లనే బిగుసుకపోతది."

మా ఇల్లు చొప్పదండిల. బాపు బస్సు మెట్టు ఎక్కలేడు. ఆటోవాళ్లు కొన్నాళ్లు వచ్చి, రోజు విడిచి రోజు అంత దూరం మాతోని కాదని బంద్ చేసిండ్రు. నేను ఫోన్ల పరేషానైతుంటే అవ్వ, "నువ్వు ఫికర్ చెయ్యకు బిడ్డా" అని పెట్టేసింది.

ఆదివారం ఇంటికి పోతే అవ్వ మోకాళ్లకు పసుపున్నది. పక్కింటి ఆంటీ రోజూ స్కూటీ మీదనే తన బట్టల దుకాణానికి పోతది. ఆమెనే నవ్వుకుంట చెప్పింది: "మీ అవ్వ నా బండి నేర్చుకుంటుంది. మక్కచేన్ల పడ్డది. జర ఆగు అక్కా అంటే ఇంటలేదు."

అవ్వ సైకిల్ సుత ఎన్నడూ ఎక్కలే. లారీ వస్తుందంటే రోడ్డు దిగి నిలబడే మనిషి.

"భయమైతలేదా అవ్వా?"

"ఎందుక్కాదు? కానీ మీ బాపు పొద్దంతా గోడ దిక్కు తిరిగి పండుకుంటుండు. అది నాతోని సూడవడ్తలేదు."

లైసెన్స్ వచ్చినంక ఆసిఫాబాద్‌ల నడిపే నా స్కూటీ తెచ్చి అవ్వకే విడిచిపెట్టిన. బాపు మాత్రం మొండికేసిండు. "పెండ్లాం ఎనుక కూసొని ఊరందరి ముందట పోవాల్నా? నేను రాను."

"ఊరోళ్లు నీ కాలు తెచ్చిస్తరా? ఎక్కు" అన్నది అవ్వ.

పెద్ద తువ్వాలతోని ఆయనను తన నడుముకు కట్టుకున్నది. నేను ఆంటీ బండి మీద ఎనుకనే పోయిన. లారీ హారన్ కొట్టినప్పుడల్లా నేనే బ్రేక్ పట్టిన. అవ్వ పక్కకు తిరిగి సూడలే. బాపు ఎడమ చెయ్యి ఆమె భుజాన్ని గట్టిగా పట్టుకున్నది. దవాఖాన ముందట స్టాండేసి, అవ్వ మెట్టు మీద కూలబడి ఏడ్సింది, నవ్వింది. బాపు ఆమె తలమీద చెయ్యి పెట్టి, "మంచిగనే నడిపినవ్" అన్నడు.

ఎండకాలం, వానకాలం గట్లనే తిరిగిండ్రు.

మొన్న ఇంటికి పోతే బాపే కర్ర పట్టుకొని వచ్చి గేటు తీసిండు. కుడి చేత్తోనే గొళ్లెం లాగిండు. నా సంచి కోసం చెయ్యి సాపిండు. వద్దన్న.

"ఇయ్యి" అన్నడు.

ఇచ్చిన.