పాలు కారే జెముడు

సూరత్‌లోని వడోద్‌లో నా పక్క మగ్గం నడిపిన పెద్దాయనను అందరం కాకా అని పిలిచేవాళ్లం. ముళ్ల మొక్క కనిపిస్తే చాలు, ఆగి గోటితో గిల్లి చూసేవాడు. "పాలొస్తే జెముడు, జిగురొస్తే నాగజెముడు" అనేవాడు. ఆయన ఊరికి వెళ్లిపోయి చాలా ఏళ్లయింది. ఇప్పటికీ తలుచుకుంటాను.

ఒక దీపావళి సెలవుల్లో కాకా, నేను కచ్ ఎడారి చూడటానికి వెళ్లాం. ఆయన ఒక్కో మొక్క పేరు చెబుతుంటే నేను సరదాకి ఒక కొమ్మ విరిచాను. చేతినిండా తెల్లటి పాలు. ఆ చేత్తోనే ముఖం తుడుచుకోబోతే మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు.

"కండ్లకు తగలనియ్యకు బిడ్డా. గిది జెముడు."

తాగడానికి తెచ్చుకున్న నీళ్లన్నీ నా చేతుల మీద పోశాడు.

"జర కడిగితే సాలదా కాకా?"

"సాలదు. మా చెల్లె రెండు కండ్లు గీ పాలతోనే పోయినయి. చిన్నగున్నప్పుడు ఆడుకోనీకి కొమ్మ ఇరిచి ఇచ్చింది నేనే. అప్పుడు నాకు ఏ చెట్టేందో ఎరుక లేకుండె."

సాయంత్రం ఊళ్లో ఉన్న చెల్లెలికి ఫోన్ చేశాడు. నాగజెముడు పండ్ల ఎరుపు, ఇసుకలో గుంపుగా పెరిగిన కలబంద, అన్నీ ఓపికగా వర్ణించాడు.

"ఇంకేం జూసినవ్ అన్నా?" అని ఆమె అడగడం నాకూ వినిపించింది.

ఆయన పాలంటిన నా చేతుల వైపు చూశాడు.

"గంతేనే చెల్లే. ఇంకేం లేవు."