మిషన్‌కు అవతలి పక్క మనిషి

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. రంగూన్‌లో మా ఇల్లు శ్మశానం గోడకు ఆనుకునే ఉండేది. అక్కడ ఏమీ చూడలేదు. నన్ను బాధపెట్టినవాళ్ళంతా బతికున్న మనుషులే. వాళ్ళ పేర్లన్నీ నాకు గుర్తున్నాయి.

అరవైల్లో నేనూ నా భార్యా బర్మా నుంచి ఓడెక్కి వచ్చాం. నేను పుట్టింది బర్మాలోనే. తమిళనాట రాజపాళయం మా నాన్న ఊరు, నాకు మాత్రం పరాయి దేశం. చిన్నాన్న మమ్మల్ని ఇంట్లోకి రానివ్వలేదు, తిన్నె మీద పడుకోమన్నాడు. "బర్మావాళ్ళు బంగారం దాచిపెట్టుకోని బీద ఏడుపు ఏడుస్తారు" అని పిన్నమ్మ మాకు వినపడేలాగే అన్నది. ఆవిడ పోయి చాలా కాలమైంది. ఆ మాట పోలేదు.

రంగూన్‌లో గుడ్డల కొట్లో పనిచేసినవాణ్ణి, ఇక్కడ నూలు మిల్లులో బదిలీగా చేరాను. బదిలీ అంటే, పొద్దున సైరన్, ఇక్కడి మాటలో సంగు, కూసేసరికి మిల్లు గేటు దగ్గర నిలబడాలి. ఎవరైనా పనికి రాకపోతే మేస్త్రీ లోపలికి పిలుస్తాడు. అందరూ వస్తే ఇంటికి పోవాలి. మేస్త్రీ ఒక్కనాడూ నన్ను పేరు పెట్టి పిలవలేదు. "ఏయ్ బర్మా" అనేవాడు. ఒక మిషన్ మొత్తం ఒక్కణ్ణే చూసుకోగలనని చూపిస్తే తప్ప ఖాయం చేయరు. ఖాయం కాకపోతే ఆ తిన్నె దిగలేం.

ఒకనాడు మంసాపురం నుంచి వచ్చే ఒకాయన పనికి రాలేదు. ఆయన షెడ్డులోకి నేను అంతకుముందు పోలేదు, మనిషిని ఎరగను. ఆయన మిషన్ నాకిచ్చారు.

మిషన్‌కు రెండు పక్కలా కదుర్లుంటాయి. నేను ఈ పక్క తెగిన పోగులు అతుకుతుంటే, అవతలి పక్క ఒక మనిషి వంగి అతుకుతున్నాడు. బక్క మనిషి, నెరిసిన జుట్టు. ఎడమ చేతి చిటికెన వేలికి బ్యాండేజి గుడ్డ చుట్టుంది, పక్కూరు సత్రపట్టిలో నేసేలాంటిది. "అన్నా" అని పిలిచాను. తలెత్తలేదు. ఎదురుపడినా తొలగలేదు. నేనే తొలగాను.

భయం వేయలేదు, మండింది. నా మీద నమ్మకం లేక ఇంకొకణ్ణి పెట్టారనుకున్నాను. షిఫ్టు సంగు కూయగానే మేస్త్రీని నిలదీశాను.

"నా మిషన్‌లో సగం వేరేవాడికి ఎందుకిచ్చినారు?"

"ఎవురికిచ్చిన్రా? ఆడ నువ్వొక్కడివే కదా ఉన్నింది. ఒక్క పోగూ తెగి వేలాడలే, బర్మావాడు పరవాలేదే అనుకుంటి" అని నవ్వాడు.

"చిటికెన వేలికి కట్టు కట్టుకున్న మనిషి. పిలిస్తే పలకడు. ఏం పొగరు?"

మేస్త్రీ నవ్వు ఆగిపోయింది. "వేలు నలిగింది ఆ మంసాపురం ఆయనకేరా. మొన్న ఈ మిషన్ కాడనే. ఎవురు చెప్పినారు నీకు?"

నాకెవరూ చెప్పలేదు. నాతో మాట్లాడేవాళ్ళెవరు?

సాయంత్రం ఆయన పోయాడని మంసాపురం నుంచి కబురు వచ్చింది. మేస్త్రీ నన్నూ వెంట తీసుకుపోయాడు. చాప మీద ఉన్నది ఆ మనిషే. వేలికి అదే కట్టు.

"పొద్దున్నుంచి జరమన్నా, కండ్లే తెరవలే" అని ఆయన భార్య మేస్త్రీతో చెప్పింది. "చేతులు మట్టుకు ఊరుకోలే. పోగు అతికేమాదిరి ఆడిస్తానే ఉండె. షిఫ్టు విడిచే పొద్దుకి నిలిచిపాయ."

ఆ ఖాళీలో నన్నే ఖాయం చేశారు. ఆ రోజు పనిలో సగం నాది కాదని ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ చెవిన వేసుకోలేదు. ఒక గది అద్దెకు తీసుకుని తిన్నె దిగాం. నా భార్య ఏడ్చింది. నాకు ఏమీ అనిపించలేదు.

అది ఎలా జరిగిందో ఇప్పటికీ చెప్పలేను. ఈ ఊళ్ళో నన్ను చూసీ చూడనట్టు పోయినవాళ్ళలో ఆయన్ను కూడా చాలాకాలం లెక్కేసుకున్నాను. ఇప్పుడు ఆయన్నొక్కణ్ణి తీసేశాను. ఆయన తన మిషన్ దగ్గర తన పని తాను చేసుకున్నాడు. ఆ పొద్దు ఆయన కళ్ళకు అక్కడ లేని మనిషిని నేనే అయి ఉంటాను.